టూర్‌కి బయల్దేరుతున్న అబ్బయ్యకు

చిరంజీవి అబ్బయ్యకు పెద్దనాయన ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. గోల్ఫ్ టూర్‌కి అర్హత పోటీ అయిన క్యూ స్కూల్లో నీకు టూర్ ఆడే కార్డు వచ్చిన రోజే మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషంతో ఆమెకు మాట సరిగా రాలేదు. నిరుడు రొట్టెల పండగకి నెల్లూరు పోయి, స్వర్ణాల చెరువులో దిగి నీకోసం రొట్టె పట్టిందట. "ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె అని పిలుస్తా ఉన్నారు బావా, పిల్లోడి ఆటకి ఏ రొట్టె పట్టాలో తెలియలేదు, ఉద్యోగ రొట్టె తీసుకున్నా" అంది. కోరిక తీరింది కాబట్టి ఈ ఏడు ఆమె రొట్టె ఇచ్చి రావాలి. పండగ తేదీలు చూసుకో. ఆ వారం టోర్నమెంట్ లేకపోతే ఆమెకు తోడుగా నువ్వు పో.

మొదటి ఏడాది టూర్లో ఎట్లా నెగ్గుకురావాలి పెద్దనాయనా అని అడిగావు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నా. స్వింగ్ గురించి ఇందులో ఒక్క మాట కూడా ఉండదు. దానికి నీ కోచ్ ఉన్నాడు, ఆయన మాటే విను. చెన్నైలో క్యాడీగా ఆటగాళ్ల క్లబ్‌ల (కర్రల) సంచి మోసిన రోజుల నుంచి డబ్బుకి ఆడే ప్రోగా ఊళ్లు పట్టుకుని తిరిగిన రోజుల దాకా నేను చూసింది వేరే సంగతి. టూర్ వదిలేసి పోయిన కుర్రాళ్లలో ఆట రానివాళ్లు తక్కువ. చాలామంది ఏదో ఒక చెడ్డ నెలలో, చేతిలో డబ్బు అయిపోయినప్పుడు, ఎక్కడో దూరపు ఊళ్లో లాడ్జి గదిలో ఒక్కడే కూర్చుని, ఇంక చాలనుకుని పోయారు. వాళ్లలో కొందరి ఆట నా ఆట కంటే ఎంతో మేలు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది.

అందుకే ముందు అసలు మాట చెబుతున్నా. ఒక్క వారం చూసి నీ ఆట మీద తీర్పు చెప్పుకోవద్దు. ఆ వారం బాగా ఆడినా అంతే, బాగా ఆడకపోయినా అంతే. లెక్క సీజన్ చివర చూసుకో. చెప్పడానికి ఇది తేలికే, పాటించాలంటే ముందే కొన్ని ఏర్పాట్లు ఉండాలి. చేతిలో కాస్త డబ్బు ఉండాలి, కంటినిండా నిద్ర ఉండాలి, నిజం చెప్పే మనుషులు ఇద్దరో ముగ్గురో ఉండాలి.

వారాన్ని ఎందుకు నమ్మకూడదో విను. మన దేశపు టూర్లో మామూలు టోర్నమెంట్ నాలుగు రోజులు, 72 హోల్స్ (గుంతలు). సగం అయ్యాక కట్ పడుతుంది. మొదటి 50 మందీ, 50వ స్థానంలో సమానంగా ఉన్నవాళ్లూ మిగిలిన రెండు రోజులు ఆడతారు. కట్ తప్పిన ప్రోకి ఒక్క రూపాయి రాదు. కోటి రూపాయల టోర్నమెంట్‌లో గెలిచినవాడికి 15 లక్షలు వస్తే, కిందికి దిగేకొద్దీ ఆ అంకె గబగబా కరిగిపోతుంది. కట్ దాటి చివర్లో నిలిచినవాడికి ప్రయాణం, గది, క్యాడీ ఖర్చులు పోను మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. డబ్బు వచ్చేవాడికీ ఉత్త చేతులతో రైలెక్కేవాడికీ మధ్య తేడా చాలాసార్లు రెండు రోజుల మొత్తం మీద ఒక్క స్ట్రోకే, అంటే ఒక్క దెబ్బే. ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత మేలు గదా.

ఆ ఒక్క స్ట్రోక్ ఎక్కడి నుంచి వస్తుందో చూడు. అమెరికాలో పీజీఏ టూర్ ఆడే మహామహులు కూడా 8 అడుగుల పట్‌లు (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బలు) దాదాపు సగమే వేస్తారు. 3 అడుగుల నుంచి అయితే నూటికి తొంభై అయిదుకు పైనే పడతాయి. 20 అడుగులకు పోతే ఏడింటికి ఒకటి పడితే గొప్ప. రెండు రోజుల్లో నీకు 8 అడుగుల పట్‌లు పది వచ్చాయనుకో. అయిదు పడితే మామూలు. ఒక వారం మూడే పడతాయి, కట్ తప్పుతావు. ఇంకో వారం ఏడు పడతాయి, పేపర్లో నీ పేరు వస్తుంది, మీ నాయన దాన్ని కత్తిరించి పర్సులో పెట్టుకుంటాడు. రెండు వారాల్లోనూ ఆడింది నువ్వే, ఆ చెయ్యే, ఆ కన్నే. మొదటి వారం చూసి నాకు ఆట రాదనుకున్నా, రెండో వారం చూసి నన్ను మించినవాడు లేడనుకున్నా తప్పు లెక్కే.

అర్జున్ అత్వాల్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2010 జులైలో ఆయనకు పీజీఏ టూర్ కార్డు పోయింది. ఆగస్టులో విండమ్ చాంపియన్‌షిప్‌కి నేరుగా ప్రవేశం కూడా లేదు. సోమవారం క్వాలిఫయింగ్ ఆడి లోపలికి వెళ్లాడు. ఆదివారానికి టోర్నమెంట్ గెలిచాడు. పీజీఏ టూర్లో గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. కార్డు పోయిన నెలలో ఇంక మనవల్ల కాదు అనుకుని ఉంటే ఆ సోమవారం మొదటి దెబ్బ కొట్టే చోట, టీ మీద, ఆయన లేడు. జీవ్ మిల్ఖా సింగ్ 1999 తర్వాత మళ్లీ గెలవడానికి 2006 దాకా పట్టింది. ఆ ఏడు మాత్రం చైనాలో గెలిచాడు, స్పెయిన్‌లో వోల్వో మాస్టర్స్ గెలిచాడు, జపాన్‌లోనూ గెలిచాడు. మధ్యలో అన్నేళ్లు ఆయన పొద్దున్నే లేచి ప్రాక్టీసు చేసే రేంజ్‌కి పోతూనే ఉన్నాడు. కోల్‌కతా చౌరాసియా 2015లో ఇండియన్ ఓపెన్‌లో సమానంగా ముగిసినవాళ్ల మధ్య జరిగే ప్లేఆఫ్ దాకా వచ్చి అనిర్బాన్ లాహిరి చేతిలో ఓడిపోయాడు. అంతకు ముందు కూడా ఆ టోర్నమెంట్‌లో ఆయనకు చేతిదాకా వచ్చినవి జారిపోయాయి. ఆ మరుసటి ఏడు గెలిచాడు, ఆ పై ఏడు కూడా గెలిచాడు.

దీనికి ఎదురు కథ కూడా తెలుసుకో. ఆస్ట్రేలియా ఆటగాడు ఇయాన్ బేకర్-ఫించ్ 1991లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ప్రపంచంలో అంతకంటే పెద్ద గెలుపు ఏముంటుంది? ఇంకాస్త దూరం కొట్టాలని స్వింగ్ మార్చుకుంటూ పోయాడు. ఆ తర్వాత కట్ మీద కట్ తప్పింది, నమ్మకం పోయింది. 1997లో అదే ఓపెన్‌లో మొదటి రోజు ఏకంగా 92 దెబ్బలు కొట్టి తప్పుకున్నాడు. మార్పు అసలు వద్దని నేను అనను. సీజన్ అయిపోయాక, పోటీలు లేని నెలల్లో, కోచ్ పక్కన ఉండగా చెయ్యి. రెండు టోర్నమెంట్‌ల మధ్య, తోటివాడు రేంజ్‌లో చెప్పిన చిట్కా పట్టుకుని మాత్రం చెయ్యవద్దు. టూర్లో ప్రతివాడి దగ్గరా ఒక చిట్కా ఉంటుంది, ఇచ్చేవాళ్లు మంచిమనసుతోనే ఇస్తారు. దండం పెట్టి వచ్చెయ్.

కట్ తప్పిన సాయంత్రం ఏం చెయ్యాలో కూడా రాస్తా. ముందు స్నానం చెయ్యి. కడుపునిండా తిను. ఆ తర్వాతే ఇంటికి ఫోన్ చెయ్యి, "తప్పింది, వచ్చే వారం ఫలానా ఊరు" అని రెండు ముక్కల్లో చెప్పు. ఆకలి మీద, అలసట మీద మాట్లాడితే నువ్వు అనే ప్రతి మాటా మీ అమ్మ రాత్రంతా తిప్పి తిప్పి తలుచుకుంటుంది. ఆ రాత్రీ, ఆ తర్వాత రెండు రోజులూ పట్ వేసే క్లబ్, అదే పటర్, కొత్తది కొనవద్దు, కోచ్‌ని మార్చవద్దు, క్యాడీని మార్చవద్దు, టూర్ మానేస్తానని ఎవరితోనూ అనవద్దు. గ్రూపుగా మందుకు పిలుస్తారు. ఓడినవాళ్ల పక్కన కూర్చుని తాగే మందు ఒక రోజుతో ఆగదు, ఎంతమందినో చూశాను. మూడో రోజు తలకాయ చల్లబడ్డాక కాగితం తీసి రాసుకో: ఎన్ని ఫెయిర్‌వేలు (టీ నుంచి హోల్ వైపు పోయే గడ్డి దారి) దొరికాయి, ఎన్ని గ్రీన్లు (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దొరికాయి, ఎన్ని హోల్స్‌లో మూడు పట్‌లు పట్టాయి. అట్లా ఎనిమిది పది టోర్నమెంట్‌ల కాగితాలు పక్కపక్కన పెడితే నీ ఆటలో నిజంగా ఎక్కడ ఓటి ఉందో కనిపిస్తుంది. ఒక్క కాగితంలో కనిపించదు.

ఇంక డబ్బు సంగతి. దీని గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఎవరూ చెప్పరు.

మీ నాయన రొయ్యల గుంటలు చూస్తూ పెరిగావు కాబట్టి నీకు వేరే చదువు అక్కర్లేదు. ఒక పంటకి కౌంట్ బాగా వచ్చి, రేటు కలిసొచ్చి, పట్టుబడి రోజున లారీ నిండుతుంది. మరుసటి పంటకి వైట్ స్పాట్ తెగులు వస్తే వారం తిరిగేలోగా గుంట ఖాళీ. అల్లూరు వైపు ఈ పనిలో ఏళ్ల తరబడి నిలబడ్డ రైతుల్ని చూడు. మంచి పంట డబ్బు చేతికొచ్చిన రోజే వచ్చే పంటకి పిల్లకీ, మేతకీ, కరెంటు బిల్లుకీ తీసి పక్కన పెట్టినవాళ్లే వాళ్లంతా. మీ నాయన అట్లా పెట్టాడు కాబట్టే రెండు పంటలు వరుసగా పోయిన ఏడు కూడా నీ ప్రాక్టీసు ఆగలేదు. నీ పని కూడా సరిగ్గా ఆ లెక్కే.

ముందు ఒక కొత్త బ్యాంకు అకౌంట్ తెరువు. అది టూర్‌కి మాత్రమే. ఎంట్రీ ఫీజు, టికెట్లు, గది, క్యాడీ, తిండి, బట్టలు ఉతికించడం, గ్లవ్‌లు, బంతులు అన్నీ అందులోంచే. ఒక వారానికి నిజంగా ఎంత అవుతుందో మొదటి మూడు టోర్నమెంట్‌లకి పైసలతో సహా రాయి. సీజన్‌లో ఎన్ని ఆడాలనుకుంటున్నావో దానితో హెచ్చవేయి. ఆ మొత్తంలో కనీసం సగం, ఒక్క రూపాయి ప్రైజ్ మనీ రాకపోయినా ఇబ్బంది లేకుండా, సీజన్ మొదలయ్యే నాటికి అకౌంట్‌లో ఉండాలి. అంత లేకపోతే టోర్నమెంట్‌లు తగ్గించుకో. హైదరాబాద్, విశాఖ, చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరులో జరిగేవి ముందు ఎంచుకో, దూరపువి తర్వాత. తక్కువ ఆడినా నిశ్చింతగా ఆడినవాడిదే పైచేయి. ఈ పట్ పడకపోతే గది అద్దె ఎట్లా కట్టాలి అనుకుంటూ నిలబడితే ఆ 8 అడుగులు నీకు 20 అడుగులుగా కనిపిస్తాయి.

ప్రైజ్ మనీ వచ్చినప్పుడు పన్ను (టీడీఎస్) పట్టుకునే ఇస్తారు. మిగిలింది అంతా నీదే అనుకోవద్దు. నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక మంచి ఆడిటర్ని ఇప్పుడే చూసుకో, రిటర్న్ ప్రతి ఏడూ వెయ్యి. ప్రయాణం, గది, క్యాడీ రసీదులన్నీ ఒక కవర్లో వేసి దాచు, ఆడిటర్ అడిగేవి అవే. డబ్బు అకౌంట్‌లో పడిన రోజే అందులో సగం వచ్చే సీజన్ కోసం వేరే డిపాజిట్‌లో వెయ్యి. ఆ తర్వాతే ఇల్లు, ఆ తర్వాతే నీ సరదాలు.

అప్పు గురించి గట్టిగా చెబుతున్నా. ఊళ్లో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ఇస్తామనేవాళ్లు కార్డు వచ్చిందని తెలియగానే వాకిట్లోకి వస్తారు. వద్దు. పొలం తాకట్టు అసలే వద్దు, మీ నాయన తనంతట తాను కాగితాలు తెచ్చి చేతిలో పెట్టినా వద్దను. గోల్ఫ్ ఆదాయానికి నెలలు ఉండవు, వడ్డీకి ఉంటాయి.

స్పాన్సర్ వస్తే సంతోషమే. టోపీ మీద పేరు వేసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే నోటిమాట మీద సీజన్ మొదలుపెట్టవద్దు. నాకు ఒక సీజన్‌లో ఒక పెద్దమనిషి ఏడాది ఖర్చు తనదే అని నలుగురిలో చెప్పాడు. వానాకాలం వచ్చేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను ఆయన మాట నమ్మి టికెట్లన్నీ కొనుక్కుని ఉన్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఎంత ఇస్తారు, ఏ తేదీకి ఇస్తారు, గెలుపులో వాళ్లకి వాటా ఏమైనా కావాలా, ఎన్నేళ్లు, మధ్యలో ఆపితే ఏమిటి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ప్రైజ్ మనీలో వాటా అడిగితే ఖర్చులు పోగా మిగిలినదాంట్లో అని రాయించు. సంతకానికి ముందు ఆడిటర్‌కి చూపించు. సిగ్గుపడవద్దు. డబ్బు పెట్టే వాడు నిజమైనవాడైతే కాగితం అడిగావని కోప్పడడు.

మంచి వారం గురించి చెప్పాలి. దాని గురించి ఎవరూ హెచ్చరించరు. టాప్ టెన్‌లో వచ్చావంటే చాలు, ఊరు ఊరంతా నీ ఫోన్లో ఉంటుంది. కావలి సెంటర్లో ఫ్లెక్సీ కడతామంటారు. కారు కొను అంటారు, ప్లాట్ ఉంది అంటారు, ఎవరో దూరపు చుట్టం కొడుకు ఫీజు కట్టాలంటాడు. అందరికీ ఒకటే జవాబు చెప్పు: సీజన్ అయ్యాక చూద్దాం. ఆట మీద కూడా అంతే. బాగా ఆడిన వారం తర్వాత వారం హోల్‌లో గుచ్చిన జండాని చూసి కొట్టాలనిపిస్తుంది, గ్రీన్ మధ్యకి కొట్టాల్సిన చోట కూడా. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో రెండు పక్కలా పొదలు ఎంత దగ్గరగా ఉంటాయో ఆడినప్పుడు చూస్తావు. అక్కడ ధైర్యం చూపించేవాడి బంతి పొదలోనే ఉంటుంది. ముందు వారం ఏ జాగ్రత్తతో ఆడి డబ్బు తెచ్చుకున్నావో ఆ జాగ్రత్తే మళ్లీ కావాలి.

రౌండ్ అయ్యాక స్కోర్‌కార్డు దగ్గర మాత్రం ఎంత అలసిపోయినా తొందరపడవద్దు. టెంట్‌లో కుర్చీలో కూర్చో. టోపీ తియ్యి, నీళ్లు తాగు. నీ కార్డు నీ తోటివాడు రాసి ఉంటాడు. నీ దగ్గరున్న లెక్కతో ఒక్కో హోల్ పక్కన వేలు పెట్టి పైకి చదువు: ఒకటి నాలుగు, రెండు అయిదు, మూడు మూడు. పద్దెనిమిదీ అయ్యాక ఇంకోసారి వెనక నుంచి చదువు. మొత్తం కూడిక తప్పితే కమిటీ చూసుకుంటుంది, హోల్‌కి ఎదురుగా ఉన్న అంకె మాత్రం నీ పూచీ. ఆడినదాని కంటే తక్కువ అంకె మీద సంతకం పెడితే టోర్నమెంట్ నుంచి తీసేస్తారు. ఎక్కువ అంకె మీద పెడితే ఆ ఎక్కువే ఖాయం. 1968లో మాస్టర్స్ చివరి రోజున అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజోకి 17వ హోల్‌లో 3 వస్తే తోటివాడు 4 రాశాడు. ఆయన చూడకుండా సంతకం పెట్టాడు. ఆ ఒక్క అంకెతో ప్లేఆఫ్ పోయింది, మాస్టర్స్ పోయింది. ఆ రోజు ఆయన పుట్టినరోజు కూడా. ఓడినా గెలిచినా ఆ కుర్చీలో అయిదు నిమిషాలు కూర్చునే అలవాటు మొదటి టోర్నమెంట్ నుంచే చేసుకో.

క్యాడీల గురించి చెప్పేటప్పుడు నా మనసు కాస్త ఆ పక్కకే ఉంటుంది, నేను ఆ షెడ్ నుంచి వచ్చినవాణ్ణి. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే. చౌరాసియా నాన్న రాయల్ కలకత్తాలో గ్రీన్లు చూసే మనిషి. ఆ మాట గుర్తుంటే నీ సంచి మోసే మనిషిని ఏకవచనంతో కేకలేయవు. వయసులో పెద్దవాడైతే అన్నా అను, భయ్యా అను. కొత్త ఊరికి పోయినప్పుడు అక్కడి క్యాడీనే పెట్టుకో. ఆ గ్రీన్ ఎటు వాలుతుందో, మధ్యాహ్నం గడ్డి ఎటు పెరుగుతుందో, వాన పడితే ఏ ఫెయిర్‌వేలో నీళ్లు నిలుస్తాయో అతనికి తెలిసినంత దూరాలు రాసి ఉండే ఏ యార్డేజ్ పుస్తకంలోనూ ఉండదు. డబ్బు ఎంతో ముందురోజే మాట్లాడుకో. కట్ తప్పినా అనుకున్నది అనుకున్నట్టు ఆ సాయంత్రమే ఇచ్చెయ్. గెలిస్తే పదో వంతు ఇవ్వడం పెద్ద టూర్లలో ఆనవాయితీ, నువ్వూ ఇవ్వు.

అయితే బాధ్యత నీదే. టీ మీద నిలబడే ముందు సంచిలో క్లబ్‌లు నువ్వే లెక్కపెట్టు, 14కి మించకూడదు. 2001 బ్రిటిష్ ఓపెన్ చివరి రోజు ఇయాన్ వూస్నమ్ మొదటి హోల్‌లో బర్డీ (పడాల్సినదాని కంటే ఒక దెబ్బ తక్కువ) కొట్టి రెండో టీ దగ్గరికి వచ్చాక క్యాడీ చెప్పాడు, సంచిలో దూరం కొట్టే పొడుగు క్లబ్‌లు, డ్రైవర్లు, రెండున్నాయని, మొత్తం 14 దాటాయని. రెండు స్ట్రోకులు పెనాల్టీ. టోర్నమెంట్‌ని ఆయన మూడో స్థానంలో ముగించాడు.

ప్రయాణాల గురించి కొన్ని. రైల్లో పోయేటప్పుడు సంచికి గట్టి కవర్ వేసి సీటు కిందికి తొయ్యి, గొలుసు కట్టు. విమానంలో అయితే డ్రైవర్ తలకాయ విప్పి బట్టల్లో చుట్టి పెట్టు, దాన్ని విప్పే పానా చెకిన్ లగేజీలో వెయ్యి, చేతి సంచిలో ఉంటే తీసేసుకుంటారు. క్లబ్‌ల మధ్య డ్రైవర్ కంటే పొడుగైన కర్ర ఒకటి నిలబెడితే పైనుంచి పడ్డ దెబ్బ దాని మీద పోతుంది. విశాఖలో, కోల్‌కతాలో చెమటకి గ్లవ్ మూడు హోల్స్‌కే తడిసిపోతుంది. మూడు గ్లవ్‌లు పెట్టుకుని మార్చుకుంటూ ఉండు, తడిసినవాటిని గొడుగు ఊచలకి తగిలించి నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే తోలు అట్టలా బిగుసుకుపోతుంది. చలికాలం ఢిల్లీలో మంచు పట్టి ఆట గంటల తరబడి ఆలస్యమవుతుంది. ఆ వెయిటింగ్‌లో ఒళ్లు చల్లబడకుండా స్వెటర్ వేసుకుని నడుస్తూ ఉండు, కూర్చుంటే నడుం పట్టేస్తుంది. గది ఇంకొకడితో పంచుకుంటే ఖర్చు సగం. పంచుకునేవాడు పదింటికి లైటు ఆర్పేవాడై ఉండాలి, అది ముందే కనుక్కో. చిన్న రైస్ కుక్కర్ వెంట పెట్టుకో. అన్నం, కందిపొడి, నెయ్యి, పెరుగు ఉంటే ఏ ఊళ్లోనైనా కడుపు చెడదు. టోర్నమెంట్ రోజుల్లో బయట చేపలూ రొయ్యలూ ముట్టవద్దు. మన నెల్లూరోళ్లకి అది కష్టమే, ఇంటికొచ్చాక తిందువుగాని.

ఇంటి దగ్గర మాటలు పడాల్సి వస్తుంది. గోల్ఫ్ పెద్దోళ్ల ఆట గదా, మనకెందుకు అంటారు. ఈ వారం ఎంతొచ్చింది అని టీ కొట్టు దగ్గర అడుగుతారు. వాళ్లది చెడ్డ బుద్ధి కాదు. జీతం అంటే నెలకింత అని తెలిసిన మనుషులకి ఈ పని అర్థం కావడానికి టైం పడుతుంది. పెళ్లి సంబంధాలు కూడా మొదలవుతాయి. పిల్ల తరఫువాళ్లు ఆదాయం అడిగితే మంచి వారం చెప్పవద్దు, ఏడాది లెక్క చెప్పు, ఖర్చుతో సహా చూపించు. ఏడాదిలో సగం రోజులు ఇంట్లో ఉండనని ఆ అమ్మాయికి నువ్వే నోటితో చెప్పు. అది విని సరేనన్న పిల్ల నీకు ఆస్తి. మీ పెద్దమ్మని అడుగు, ఆమె చెబుతుంది ఒక్కతే ఇల్లు నడిపిన ఏళ్లు ఎట్లా ఉంటాయో. ఆ మాట వచ్చినప్పుడు నేను ఇప్పటికీ ఆమె ముందు తల వంచుతాను.

ఎప్పుడు ఆపాలి అన్నది కూడా ఇప్పుడే, కార్డు చేతికొచ్చిన సంతోషంలో ఉన్నప్పుడే, రాసిపెట్టుకో. మూడు సీజన్లు అనుకో. మూడో సీజన్ చివర ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (ఏడాది మొత్తం మీద ఆటగాళ్ల వరస పట్టిక) ఎక్కడున్నావో, రౌండ్‌కి స్ట్రోక్ సగటు ఏటికేడు తగ్గుతోందో లేదో, అకౌంట్‌లో ఎంత ఉందో చూడు. నేను, మీ నాయన, నీ కోచ్, నలుగురం కూర్చుందాం. సగటు తగ్గుతూ ఉంటే డబ్బు రాకపోయినా ఇంకో రెండేళ్లు ఆడు, ఎట్లా ఆడించాలో మేం చూస్తాం. మధ్యప్రదేశ్‌లో మౌ ఊరి ఓం ప్రకాశ్ చౌహాన్ 2023లో మన టూర్లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ మొదటి స్థానంలో నిలిచి యూరప్‌లో పెద్దదైన డీపీ వరల్డ్ టూర్ కార్డు తెచ్చుకున్నప్పుడు ఆయనకు 37 ఏళ్లు. కాబట్టి పాతికేళ్లకే ఆలస్యమైపోయిందని కంగారు పడవద్దు. సగటు కదలకుండా, ఒళ్లు అరుగుతూ, అకౌంట్ ఖాళీ అవుతూ ఉంటే మాత్రం ఆపెయ్. నేషనల్ గోల్ఫ్ అకాడమీలో కోచింగ్ సర్టిఫికెట్లు ఉన్నాయి, మొదటిది ఆడుతూ ఉండగానే చేసి పెట్టుకో. పిల్లలకి నేర్పడం గౌరవమైన పని. నెలకింత అని వచ్చే పని కూడా. టూర్లో దెబ్బలు తిని వచ్చినవాడు నేర్పే తీరే వేరు.

ఇప్పటికి ఇంతే. మొదటి టోర్నమెంట్‌కి బయల్దేరే ముందు ఒక పూట కావలి రా. ఖాతా పుస్తకం కొని ఉంచాను, మొదటి మూడు వారాల ఖర్చు ఇద్దరం కూర్చుని అంచనా వేద్దాం. మీ పెద్దమ్మ కందిపొడీ, నిమ్మకాయ ఊరగాయా సీసాల్లో పెట్టి మూతకి ప్లాస్టిక్ కాగితం కట్టి ఇస్తానంది, సంచిలో చోటు ఉంచుకో. రైలు టికెట్ ఇప్పుడే బుక్ చెయ్యి. లోయర్ బెర్త్ తీసుకో, సంచి నీ కిందే ఉంటుంది.

ఇట్లు,
మీ పెద్దనాయన,
కావలి.